ఫోన్ లైన్లో ఎదురుచూపు ఎవరు మోస్తారు? ఆస్టరిస్క్‌ని నడిపించే అసింక్ లైబ్రరీల కథ

పర్లాకిమిడిలో ఒక చిన్న ఆసుపత్రికి టోకెన్ లైను ఉందనుకుందాం. పొద్దున్న ఎనిమిదింటికి లైను తెరుస్తారు, మహేంద్రతనయ ఏటికి అవతల పాతపట్నం, మెళియాపుట్టి నుంచి కొందరు, ఇవతల కాశీనగర్, గుణుపురం నుంచి కొందరు ఫోన్లు చేస్తుంటారు, కొందరిది తెలుగు, కొందరిది ఒడియా, చాలామంది రెండూ కలిపి మాట్లాడేస్తారు. ఫోనెత్తేది మనిషి కాదు, ఆస్టరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్. "తెలుగుకి ఒకటి నొక్కండి" అంటుంది, వాళ్లు నొక్కేదాకా ఆగుతుంది, ఏ డాక్టరో అడుగుతుంది, మళ్లీ ఆగుతుంది, టోకెన్ నంబర్ చెప్పి పెట్టేస్తుంది. మొత్తం మూడు నిమిషాల కాల్ అనుకుంటే అందులో కంప్యూటర్ నిజంగా చేసిన పని ఎంత? అన్నీ కలిపినా సెకనులో చిన్న ముక్క. మిగతా టైమంతా ఎదురుచూపే. రికార్డు చేసిన మాట పూర్తవ్వాలి, అవతల పెద్దావిడ కళ్లజోడు వెతుక్కుని బటన్ నొక్కాలి, డేటాబేస్ జవాబివ్వాలి.

వెబ్‌సైట్‌కి, ఫోన్‌కి ఉన్న అసలు తేడా ఇదే. వెబ్‌సైట్ ఒక పేజీ పంపేసి చేతులు దులిపేసుకుంటుంది, ఫోన్‌లో మాత్రం అవతల మనిషి లైన్లోనే ఉంటారు, ఊపిరి కూడా వినిపిస్తుంటుంది. ఒకే టైములో 15 మంది ఉంటే 15 ఎదురుచూపులు. వీటన్నిటినీ ఒక్క ప్రోగ్రామ్ ఎలా మొయ్యాలి అన్న ప్రశ్నకి వచ్చిన జవాబుల్లో ఒకటి అసింక్ లైబ్రరీ (లైబ్రరీ అంటే మన ప్రోగ్రామ్‌లో వాడుకోవడానికి ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్). ఇది స్పీడు కోసం అని చాలామంది అనుకుంటారు గానీ ఫోన్ విషయంలో స్పీడు అసలు లెక్కలోకే రాదు.

అసింక్ అన్న మాట కొత్తగా ఉంది గానీ ఆ పద్ధతి మన పెద్దవాళ్లకి బాగా తెలుసు, ట్రంక్ కాల్ బుక్ చేసినవాళ్లని అడగండి. ఎస్టీడీ లేని రోజుల్లో (మన దేశంలో ఎస్టీడీ 1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది, మన ఊళ్లదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది) పర్లాకిమిడి నుంచి కలకత్తాకి మాట్లాడాలంటే ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి ఊరు, నంబరు, ఎవరితో మాట్లాడాలో చెప్పేవాళ్లు, ఆర్డినరీయా అర్జెంటా లైట్నింగా అని ఆపరేటర్ అడిగి టికెట్ రాసుకునేది, అక్కడితో ఫోన్ పెట్టేసేవాళ్లు. పెట్టేసి వంట చేసుకోవచ్చు, షాపులో బేరం చూసుకోవచ్చు. లైను కలిసినప్పుడు ఆపరేటరే తిరిగి రింగ్ ఇస్తుంది. ఈలోపు ఆ ఆపరేటర్ కూడా మన ఒక్కరి కోసం కూర్చోలేదు, ఆవిడ ముందు బోర్డు మీద ఎన్నో దీపాలు, ఏది వెలిగితే దాని తీగ అందుకోవడమే పని.

ఇప్పుడు పేర్లు మార్చండి చాలు. ఆ ఆపరేటరే ఈవెంట్ లూప్. ఆ టికెట్టే ఫ్యూచర్, అంటే "జవాబు ఇంకా రాలేదు, వచ్చినప్పుడు ఇందులో పెడతాం" అన్న చీటీ. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లడం అవైట్. అసింక్ పుస్తకాలు ఎన్ని పేజీలు రాసినా ఇంతకంటే పెద్ద సంగతేం లేదు.

ఇక ఆస్టరిస్క్. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ఫోన్ ఎక్స్ఛేంజి ఇది, మామూలు లినక్స్ డబ్బాని పీబీఎక్స్‌గా, అంటే ఒక ఆఫీసు సొంత ఫోన్ ఎక్స్ఛేంజిగా మార్చేస్తుంది. ఆయన కంపెనీ డిజియంని 2018లో సాంగోమా కొనేసింది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా ఓపెన్‌గానే ఉంది. కాల్ ఎత్తడం, గొంతు అటూ ఇటూ మోయడం, రికార్డింగ్, అన్నీ అదే చూసుకుంటుంది. బయట ప్రోగ్రామ్ దానికి ఆర్డర్లు వెయ్యడానికి మూడు తలుపులున్నాయి. ఏఎమ్ఐ (ఆస్టరిస్క్ మేనేజర్ ఇంటర్‌ఫేస్) అనేది పాత తలుపు, 5038 పోర్టులో కూర్చుంటుంది (పోర్టు అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు వేసిన గుమ్మం). ఏజీఐ (ఆస్టరిస్క్ గేట్‌వే ఇంటర్‌ఫేస్) అనేది ఒక్కో కాల్‌కి ఒక్కో సంభాషణ, నెట్‌వర్క్ మీద నడిపే ఫాస్ట్ ఏజీఐ అయితే 4573 పోర్టు. 2013 చివర్లో ఆస్టరిస్క్ 12తో వచ్చింది ఏఆర్ఐ (ఆస్టరిస్క్ రెస్ట్ ఇంటర్‌ఫేస్), ఇది వెబ్‌సైట్లు వాడే పద్ధతులైన హెచ్‌టీటీపీ, వెబ్‌సాకెట్, జేసన్ మీద నడుస్తుంది.

ఏఎమ్ఐని దగ్గరగా చూస్తే నవ్వొచ్చేంత సాదాసీదాగా ఉంటుంది. కనెక్ట్ అవ్వగానే "ఆస్టరిస్క్ కాల్ మేనేజర్" అని ఒక లైను పంపుతుంది. తర్వాత మనం "యాక్షన్: లాగిన్" అని ఒక లైను, యూజర్‌నేమ్ ఒక లైను, సీక్రెట్ ఒక లైను, చివర్లో ఒక ఖాళీ లైను పంపాలి. ఆ ఖాళీ లైనే "నా మాట అయిపోయింది" అన్న గుర్తు. జవాబూ అలాగే వస్తుంది. మరి చిక్కెక్కడ? ఆ ఒక్క తీగ మీదే మనం అడిగినవాటికి జవాబులు, మనం అడగని వార్తలు కలగలిసి వస్తాయి. ఎవరో ఫోన్ చేశారు, న్యూఛానెల్. బటన్ నొక్కారు, డీటీఎమ్ఎఫ్ఎండ్. పెట్టేశారు, హ్యాంగప్. డయల్‌ప్లాన్‌లో (వచ్చిన కాల్‌ని వరసగా ఏం చెయ్యాలో ఆస్టరిస్క్‌కి రాసిచ్చిన పట్టికలో) ఒక్కో మెట్టుకి ఒక న్యూఎగ్జెన్. సంతలో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే మన ప్రశ్నకి జవాబు ఏ నోట్లోంచి వచ్చిందో పట్టుకోవాలి. దానికే యాక్షన్‌ఐడీ అని ఒకటి పెట్టారు. ప్రశ్నతో మనం ఏ నంబర్ వేస్తే జవాబులో అదే నంబర్ తిరిగొస్తుంది, ట్రంక్ కాల్ టికెట్ నంబర్ లాగే.

అసింక్ లైబ్రరీ చేసే మొదటి పని, నిజం చెప్పాలంటే సగం పని, ఈ చీటీల లెక్కే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పానొరామిస్క్ అని ఒక లైబ్రరీ ఉంది, పైథాన్‌తోపాటే వచ్చే అసింక్ఐవో మీద కట్టింది, ఏఎమ్ఐకీ ఫాస్ట్ ఏజీఐకీ రెండిటికీ పనికొస్తుంది. దానికంటే ముందు ట్విస్టెడ్ అనే పాత అసింక్ లైబ్రరీ మీద కట్టిన స్టార్‌పై ఉండేది. ఏదైనా లోపల జరిగేది ఒకటే: మనం యాక్షన్ పంపితే లైబ్రరీ ఒక ఐడీ వేసి, ఒక ఫ్యూచర్ తయారుచేసి, డిక్షనరీ అనే పట్టికలో ఆ ఐడీ ఎదురుగా పెట్టుకుంటుంది. సాకెట్ మీద, అంటే ఆ తీగ మన వైపు చివర, అక్షరాలు వచ్చినప్పుడల్లా ఖాళీ లైను దాకా పోగుచేసి, అది జవాబైతే ఆ ఐడీ ఉన్న ఫ్యూచర్‌లో పెడుతుంది, వార్తైతే "ఈ రకం వార్త వస్తే నన్ను పిలువు" అని ముందే రాయించుకున్న ఫంక్షన్లని పిలుస్తుంది. కొన్ని ప్రశ్నలకి జవాబు ఒక్క ముక్కలో రాదు, క్యూలో ఎవరెవరున్నారు అని అడిగితే మొదట "జాబితా మొదలు" అని, తర్వాత ఒక్కో మనిషికి ఒక్కో ముక్క, చివర్లో "పూర్తి" అని వస్తుంది, అవన్నీ పోగుచేసి ఒకే మూటగా ఇవ్వడం కూడా లైబ్రరీ బాధ్యతే. ఇది చేత్తో రాస్తే రెండు రోజుల పని, మూడో రోజు నుంచి దోషాలు బయటపడతాయి.

స్టార్‌పై కాలానికీ ఇప్పటికీ తేడా రాసేవాడి కంటికే తెలుస్తుంది. అప్పుడు కాల్‌బ్యాకులు ఉండేవి, ఎత్తాక ఈ ఫంక్షన్, మాట అయ్యాక ఆ ఫంక్షన్, బటన్ నొక్కాక ఇంకోటి, అంటే ఒక్క కాల్ కథ ఆరు చోట్ల ముక్కలై పడుండేది, మధ్యలో ఏదైనా తప్పైతే ఆ తప్పు ఎటు పోయిందో తెలిసేది కాదు. పైథాన్ 3.4తో 2014లో అసింక్ఐవో వచ్చింది, 2015లో 3.5తో అసింక్, అవైట్ అన్న మాటలే భాషలోకి వచ్చేశాయి. దాంతో కాల్ కథ మళ్లీ పైనుంచి కిందకి చదివేలా తయారైంది: ఎత్తు, భాష అడుగు, డాక్టరెవరో అడుగు, టోకెన్ ఇవ్వు, పెట్టెయ్. ప్రతి మెట్టు ముందూ ఒక అవైట్. స్పీడు కంటే ఇదే పెద్ద లాభం, ఆరునెలల తర్వాత ఇంకొకరు ఆ కోడ్ తెరిచినా కాల్‌లో ఏం జరుగుతుందో కథలా అర్థమవ్వాలి కదా.

పొద్దున్న ఎనిమిది దాటి ఐదు నిమిషాలకి ఏం జరుగుతుందో చూడండి. పాతపట్నం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, ప్రోగ్రామ్ కాల్ ఎత్తమంది, స్వాగతం మాట వెయ్యమంది, ఆ మాట నాలుగు సెకన్లు, అవైట్ దగ్గర ఆయన కథ పడుకుంది. సెకను తర్వాత గుణుపురం నుంచి ఒకావిడ కాల్, అదీ అలాగే ఎత్తి, స్వాగతం వేసి, పడుకుంది. పాతపట్నం ఆయన మాట అయ్యేదాకా వినకుండానే ఒకటి నొక్కేశాడు (రోజూ చేసేవాళ్లు ఎవరూ పూర్తిగా వినరు), ఆయన కథ లేచింది, తెలుగు అని గుర్తుపెట్టుకుని డాక్టర్ల జాబితా వెయ్యమని చెప్పి మళ్లీ పడుకుంది. ఈ లేచిన టైము ఒకటో రెండో మిల్లీసెకన్లు. ఆవిడ ఇంకా ఏమీ నొక్కలేదు, ఐదు సెకన్లు చూసి టైమౌట్, ఆవిడ కథ లేచి అదే మాట ఈసారి ఒడియాలో వేసింది. ఎప్పుడు చూసినా నడుస్తున్నది ఒకే ఒక్క కథ, మిగతావన్నీ అవైట్ దగ్గర నిద్రలో. ఒకేసారి రెండు కథలు ఎప్పుడూ నడవవు కాబట్టి మిగిలిన టోకెన్లు ఎన్ని అన్న అంకెని ఇద్దరూ ఒకేసారి లాక్కునే గొడవ తగ్గుతుంది. తగ్గుతుంది అంటున్నాను, పోదు. అంకె చూసి, మధ్యలో ఒక అవైట్ పెట్టి, ఆ తర్వాత ఒకటి తగ్గిస్తే ఆ అవైట్ సందులోంచి ఇంకొకరు దూరి అదే టోకెన్ పట్టుకెళ్లిపోతారు. చూడటం, తగ్గించడం రెండూ ఒకే దమ్ములో, మధ్యలో అవైట్ లేకుండా అవ్వాలి, లేదా ఆ పని డేటాబేస్‌కే వదిలెయ్యాలి.

గొంతు సంగతేంటి అని అనుమానం రావచ్చు. పైథాన్ నెమ్మది కదా, మాట ముక్కలు ముక్కలుగా వినిపించదా? వినిపించదు, ఎందుకంటే గొంతు ఈ ప్రోగ్రామ్ దగ్గరికే రాదు. గొంతుని అంకెలుగా మార్చే జీ.711 పద్ధతిలో నడిచే మామూలు కాల్‌లో 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్, అంటే ఒక దిక్కుకి సెకనుకి 50, ఆ మోతంతా సీ భాషలో రాసిన ఆస్టరిస్క్‌దే. మన ప్రోగ్రామ్ మేస్త్రీ లాంటిది, ఇటుకలు మొయ్యదు. మేస్త్రీ అరనిమిషం నిద్రపోతే గోడ కూలదు గానీ కూలీలు తర్వాత ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోతారు, లైన్లో ఉన్నవాళ్లకి అది నిశ్శబ్దంలా వినిపిస్తుంది.

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. ఈ సైజు ఆసుపత్రికి అసింక్ అవసరమే లేదు అని ఎవరైనా వాదిస్తే వాళ్లు చెప్పేది తప్పేం కాదు. ఫోన్ కంపెనీ ఇచ్చే ఒక ఈ1 డిజిటల్ లైను మీద 30 మాటల దారులు ఉంటాయి, కాల్‌కి ఒకటి చొప్పున 30 థ్రెడ్లని (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులని) ఏ చవక కంప్యూటరైనా మోసేస్తుంది. ఆ మాటకొస్తే 30 లైన్లు కూడా అక్కర్లేదు. దీనికి లెక్క వందేళ్ల క్రితమే ఉంది, కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు 1917లో ఇచ్చిన సూత్రం. గంటకి 60 కాల్స్, ఒక్కోటి మూడు నిమిషాలు అంటే మొత్తం 180 నిమిషాలు, గంటలో 60 నిమిషాలు కాబట్టి బరువు 3 ఎర్లాంగులు. సగటున మూడే లైన్లు బిజీ, ఐతే మూడు లైన్లు పెడితే సరిపోతాయా? సూత్రంలో వేస్తే మూడు లైన్లకి నూటికి 35 మంది దాకా బిజీ టోన్ వింటారు, ఐదు పెట్టినా 11 మంది వింటారు, ఎనిమిది పెడితే ఒక్కరికంటే తక్కువ. ఆయన పేరే 1986లో ఎరిక్సన్‌లో పుట్టిన ఒక ప్రోగ్రామింగ్ భాషకి కూడా తగిలింది, ఫోన్ ఎక్స్ఛేంజీల కోసమే పుట్టిన భాష అది, అందులో ఒక్కో కాల్‌కి ఒక్కో చిన్న ప్రాసెస్, ఒకటి చచ్చిపోతే పక్కదానికి తెలియనే తెలియదు. పైథాన్ అసింక్ ఆ విషయంలో దానికి కాలిగోటికి సరిపోదు.

మరి ఎనిమిది లైన్లకి అసింక్ ఎందుకు? ఏఎమ్ఐ తీగ ఒక్కటే, దాని మీద కలగలిసిన వార్తల్ని ఎనిమిది థ్రెడ్లు పంచుకోవాలంటే తాళాలు వెయ్యాలి, తాళాల్లో చిక్కుకుంటే ఎవరు ఎవరికోసం ఆగారో కనుక్కోవడం నరకం. పాత ఏజీఐ అయితే ఇంకో దారి, ఒక్కో కాల్‌కి ఆస్టరిస్క్ ఒక్కో కొత్త ప్రాసెస్ పుట్టిస్తుంది, అది అవతలి కాల్ సంగతి ఏమీ ఎరగదు, మిగిలిన టోకెన్లెన్నో తెలుసుకోవాలన్నా డేటాబేస్ గుమ్మం తొక్కాల్సిందే. అసింక్‌లో అన్ని కాల్స్ ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకే తీగ చదువుతాయి. ఎంపికకి కారణం ఇది, మెమరీ పొదుపు కాదు.

ఒకే ఇంట్లో ఉండటంలో ఉన్న ప్రమాదం కూడా అదే మరి. ఎవరో ఒకరు వంటిల్లు పట్టుకుని కూర్చుంటే అందరూ పస్తే. కొత్తగా రాసేవాళ్లు చాలామంది పడే గుంట ఇది: ప్రోగ్రామంతా అసింక్‌గా రాసి, మధ్యలో ఒక్కచోట మామూలు టైమ్ స్లీప్ (ఇన్ని సెకన్లు ఏమీ చెయ్యకుండా ఆగు అనే ఆర్డర్) వాడతారు, లేదా అవైట్ తెలియని పాత డేటాబేస్ లైబ్రరీ తెచ్చి పెడతారు. ఆసుపత్రిలో కాలర్ నంబర్ బట్టి పోయినసారి ఏ భాష ఎంచుకున్నారో వెతికే చిన్న క్వెరీ ఉందనుకోండి, ఎస్టీడీ కోడ్ చూస్తే 06815 పర్లాకిమిడి, 08942 శ్రీకాకుళం అని తెలుస్తుంది గానీ మొబైల్ నంబర్‌ని చూసి భాష చెప్పలేం కాబట్టి ఆ క్వెరీ కావాల్సిందే, మామూలుగా ఐదు మిల్లీసెకన్లలో అయిపోతుంది, టెస్టింగ్‌లో అంతా బాగుంటుంది, ఒకరోజు పక్కన బ్యాకప్ నడుస్తూ అదే క్వెరీ మూడు సెకన్లు తీసుకుంటుంది. ఆ మూడు సెకన్లు ఒక్కరివి కాదు, లైన్లో ఉన్న ఎనిమిది మందివీ. బటన్ నొక్కినవాడు "హలో హలో" అంటాడు, ఇంకోసారి నొక్కుతాడు, లూప్ లేచాక ఆ రెండు నొక్కుళ్లూ ఒకేసారి వచ్చి పడతాయి, రెండోది తర్వాతి ప్రశ్నకి జవాబైపోతుంది. కంటి డాక్టర్ కావాల్సినాయనకి పిల్లల డాక్టర్ టోకెన్. లాగ్‌లో ఎక్కడా ఎర్రర్ ఉండదు. అసింక్ఐవోలో డీబగ్ మోడ్ ఆన్ చేస్తే 100 మిల్లీసెకన్లకి మించి లూప్‌ని పట్టుకున్న ముక్కల్ని అదే లాగ్‌లో రాస్తుంది, ఫోన్ పనిలో దీన్ని మొదటి రోజు నుంచీ ఆన్ చేసి ఉంచడమే మంచిది. అవైట్ తెలియని లైబ్రరీ తప్పనిసరైతే దాన్ని పక్క థ్రెడ్‌లోకి తోసెయ్యాలి, టు థ్రెడ్ అనే ఫంక్షన్ పైథాన్ 3.9 నుంచి ఉంది.

భాష ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కమాట. టోకెన్ నంబర్ చదివించాలంటే అంకెల రికార్డింగులు కావాలి, 8000 హెర్ట్జ్ మోనోలో. తెలుగులో ఇరవై దాటాక "ఇరవై", "ఒకటి" అని రెండు ముక్కలు అతికిస్తే సరిపోతుంది, సున్నా నుంచి ఇరవై దాకా 21, ముప్పై నుంచి తొంభై దాకా పదులు 7, మొత్తం 28 ఫైళ్లతో తొంభైతొమ్మిది దాకా చదవొచ్చు. ఒడియాలో అలా కుదరదు, హిందీ లాగే ప్రతి అంకెకీ విడి పేరు, 21 అంటే "ఏకోఇశ" అంటారు, దాన్ని ఇరవైగా ఒకటిగా విడగొట్టలేరు, కాబట్టి నూరు ఫైళ్లు. తెలుగు అంకె రెండు అవైట్లు, ఒడియా అంకె ఒక్క అవైట్. ఆ రెండు అవైట్ల మధ్య లూప్ ఎక్కడైనా ఇరుక్కుంటే "ఇరవై" అని ఆగిపోతుంది, తొందరలో ఉన్నాయన టోకెన్ ఇరవై అనుకుని పెట్టేస్తాడు. అందుకే రెండు ఫైళ్లని కలిపి ఒకే ప్లేబ్యాక్‌గా ఆస్టరిస్క్‌కి ఇచ్చేస్తే ఆ సందు ఉండదు.

ఇప్పుడు అసలు కష్టానికొద్దాం, పెట్టెయ్యడం. ఫోన్‌లో అవతల మనిషి ఎప్పుడైనా పెట్టెయ్యొచ్చు, స్వాగతం మధ్యలో, ఒకటి నొక్కాక, టోకెన్ రాసిన క్షణంలో, ఎప్పుడైనా. అంటే కోడ్‌లో ప్రతి అవైట్ దగ్గరా కథ ఆగిపోవచ్చు. కాల్‌బ్యాక్ రోజుల్లో దీన్ని ప్రతి ఫంక్షన్లో విడిగా చూసుకునేవాళ్లు, చాలామంది చూసుకునేవాళ్లే కాదు. అసింక్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది, హ్యాంగప్ వార్త రాగానే ఆ కాల్ టాస్క్‌ని (ఇందాకటి నుంచి కథ అంటున్నది దీన్నే) క్యాన్సిల్ చెయ్యాలి, అది ఏ అవైట్ దగ్గర నిద్రపోతుందో అక్కడే క్యాన్సిల్డ్ ఎర్రర్ లేస్తుంది, కథ ఎలా ముగిసినా చివర్లో నడిచే ఫైనల్లీ బ్లాకులు సామాన్లు సర్దుకుంటాయి. అది చెయ్యకపోతే ఆ టాస్క్ రాని బటన్ కోసం అలా ఎదురుచూస్తూనే ఉంటుంది, వెళ్లిపోయిన చుట్టానికి విస్తరేసి కూర్చున్నట్టు. పది కాల్స్‌కి తెలీదు, రెండువారాలకి ప్రోగ్రామ్ బరువెక్కి కూలబడుతుంది.

ఫాస్ట్ ఏజీఐలో అయితే ఆ వార్త ఇంకో రూపంలో వస్తుంది, ఆస్టరిస్క్ అదే తీగ మీద హ్యాంగప్ అని ఒక లైను పంపుతుంది, ఆ తర్వాత కూడా మనం మాట వెయ్యమని అడిగితే 511 అని జవాబు, చచ్చిన ఛానెల్ (ఆస్టరిస్క్ లోపల కాల్‌కి పేరు ఛానెల్) మీద ఈ ఆర్డర్ చెల్లదు అని. మామూలుగా 200, అంటే సరే, అని వస్తుందని రాసి పెట్టుకున్న కోడ్ ఈ 511ని చూసి బిత్తరపోతుంది. జవాబు 200 కాకపోతే కథ ముగించు అన్న ఒక్క లైను ఎంతోమంది మర్చిపోతారు.

క్యాన్సిల్‌తో ఇంకో పాత మెలిక ఉంది. పైథాన్ 3.8కి ముందు క్యాన్సిల్డ్ ఎర్రర్ మామూలు ఎక్సెప్షన్ల కుటుంబంలోనే ఉండేది, "ఏ తప్పొచ్చినా లాగ్ రాసి ముందుకెళ్లు" అని రాసినచోట క్యాన్సిల్ కూడా తప్పుల్లో కలిసిపోయి మింగుడుపడేది, అవతల మనిషి పెట్టేసినా ప్రోగ్రామ్ "సరేలే, రెండో ప్రశ్న" అని ముందుకెళ్లిపోయేది. 2019లో దాన్ని ఆ కుటుంబంలోంచి బయటికి తెచ్చారు. పాత సర్వర్ మీద పాత పైథాన్ ఇంకా నడుస్తుంటే ఇది చూసుకోవాల్సిందే.

కానీ లైబ్రరీ ఇవ్వలేని జవాబు ఒకటుంది. టోకెన్ 41 డేటాబేస్‌లో రాసేశాం, నంబర్ చదువుతుండగా కాల్ తెగింది. ఆ టోకెన్ ఉంచాలా, తీసెయ్యాలా? తీసేస్తే నంబర్ విన్న మనిషి గుణుపురం నుంచి ఆటో ఎక్కి వస్తాడు, లిస్టులో పేరుండదు. ఉంచితే విననివాడు మళ్లీ ఫోన్ చేసి ఇంకో టోకెన్ తీసుకుంటాడు, ఒక సీటు వృథా. హ్యాంగప్ వార్తలో కారణం అంకె ఉంటుంది, 16 అంటే మామూలుగా పెట్టేశారు, 17 బిజీ, 19 ఎత్తలేదు, 34 అంటే ఖాళీ దారి లేదు. మరి సిగ్నల్ పోయి తెగిందో కావాలని పెట్టారో? అది ఈ అంకెల్ని చూసి గట్టిగా చెప్పలేం, ఏరు దాటుతూ ఒడిశా టవర్ వదిలి ఆంధ్రా టవర్ పట్టుకునే ఫోన్ ఎక్కడ ఏం చేస్తుందో మనకేం తెలుసు. ఇలాంటిచోట నా ఓటు టోకెన్ ఉంచి, అదే నంబర్ నుంచి మళ్లీ కాల్ వస్తే కొత్తది ఇవ్వకుండా "మీకు 41 ఉంది" అని చెప్పడానికే. డేటాబేస్‌లో రాసే ముక్కని మాత్రం షీల్డ్ అనే కవచంలో పెట్టాలి, లేకపోతే క్యాన్సిల్ సరిగ్గా రాత మధ్యలో పడితే సగం రాసిన టోకెన్ మిగులుతుంది.

తిరిగి ఫోన్ చేసే పని ఇంకో రకం. మిస్డ్ కాల్ ఇవ్వండి, మేమే చేస్తాం అన్న పద్ధతి మన దగ్గర ఎంత పాతదో అందరికీ తెలుసు, అదీ అచ్చంగా ట్రంక్ కాల్ బుకింగే. రింగ్ వచ్చింది, ఎత్తకుండా కాలర్ నంబర్ రాసుకున్నాం, కాసేపయ్యాక బయటికి కాల్ చెయ్యమని ఆస్టరిస్క్‌కి చెప్పే ఒరిజినేట్ యాక్షన్‌తో మనం చేస్తాం. ఇక్కడ ఒక చిన్న అక్షరం ప్రాణం తీస్తుంది. ఒరిజినేట్‌కి "అసింక్: ట్రూ" అని పెట్టకపోతే అవతలివాళ్లు ఎత్తేదాకా, లేదా మామూలు గడువు 30 సెకన్లు అయ్యేదాకా ఆస్టరిస్క్ ఆ ఏఎమ్ఐ కనెక్షన్‌లో తర్వాతి యాక్షన్‌ని ముట్టుకోదు. అంటే మన వైపు ఎంత అందంగా అవైట్ రాసినా అవతల వైపు క్యూ ఆగిపోయి ఉంటుంది. అసింక్ అనేది రెండు చివర్లా ఉండాలి, ఒక చివర ఉంటే చాలదు. పెడితే వెంటనే "క్యూలో వేశాం" అని జవాబొస్తుంది, అసలు ఫలితం తర్వాత ఒరిజినేట్‌రెస్పాన్స్ అన్న వార్తగా వస్తుంది. మొదటి జవాబు చూసి కాల్ కలిసిందని రాసేసుకునే రిపోర్టులు ఎన్నో, నూటికి నూరు కాల్స్ విజయవంతం అని.

అందులో ఇంకో చిక్కు, వార్తలు జవాబు కంటే ముందే రావచ్చు. ఒరిజినేట్ పంపాం, దాని జవాబు మన చేతికి రాకముందే కొత్త ఛానెల్ పుట్టిందన్న వార్త వచ్చేస్తుంది, అది మనదో కాదో తెలీదు, వదిలేస్తాం, తర్వాత జవాబొచ్చాక ఆ ఛానెల్ కోసం వెతికితే వార్త ఎప్పుడో దాటిపోయింది. దీనికి మందు సులువే, ఆస్టరిస్క్ 12 నుంచి ఛానెల్ ఐడీ మనమే ముందు పెట్టి పంపొచ్చు, పుట్టబోయే పిల్లకి పేరు ముందే రాసిపెట్టుకున్నట్టు. ముందు ఆ పేరు మీద వినడం మొదలుపెట్టి, ఆ తర్వాత ఒరిజినేట్ పంపాలి. వరస తిరగేస్తే రోజూ పనిచేస్తూ రద్దీ రోజున మాత్రం తప్పుతుంది.

ఇలా తిరిగి చెయ్యడం టోకెన్ అడిగినవాళ్లకే అయితే సరే, ప్రచారానికి వాడితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు అడ్డొస్తాయి, ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే వెళ్లాలి. ఏఎమ్ఐ యూజర్‌కి హక్కులు కూడా కొలిచి ఇవ్వాలి, కాల్స్ చదవడం, ఒరిజినేట్ చెయ్యడం చాలు, సిస్టమ్ హక్కు ఇస్తే షెల్ ఆర్డర్లు, అంటే ఆ కంప్యూటర్‌కే ఆర్డర్లు, కూడా వెయ్యొచ్చు. ప్రోగ్రామ్ కూడా అదే డబ్బాలో ఉంటే 5038 పోర్టుని 127.0.0.1కే, అంటే ఆ డబ్బా లోపలికే కట్టెయ్యాలి, అందులో పాస్‌వర్డ్ మామూలుగా పోస్టుకార్డు మీద రాసినట్టు తెరిచే వెళ్తుంది. ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేస్తే రాత్రికి రాత్రి ఎవరో ఎక్కడో దేశానికి కాల్స్ చేసుకుంటారు, బిల్లు మనకొస్తుంది.

ఫోన్ ఎక్స్ఛేంజి అంటే ఏసీ గది కావాలన్న రోజుల్లో పల్లెటూళ్ల వేడికి, దుమ్ముకి తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజిని 1984లో పెట్టిన ప్రభుత్వ సంస్థ సీ-డాట్ తయారుచేసింది, ఆ సంస్థ వెనకున్న శామ్ పిత్రోడా పుట్టింది ఇక్కడికి దూరం కాదు, రాయగడ నుంచి రాయ్‌పూర్ వైపు రైలెక్కితే దారిలో వచ్చే టిట్లాగఢ్‌లోనే. ఇప్పుడు అంతకంటే పెద్ద ఎక్స్ఛేంజి అరచేతి సైజు డబ్బాలో పడుతుంది, కానీ కరెంటు మాత్రం అదే కరెంటు.

కరెంటు పోయి వచ్చాక ఏమవుతుందో చూడండి. ఆస్టరిస్క్ ఒక డబ్బాలో, మన ప్రోగ్రామ్ ఇంకో డబ్బాలో ఉంటే ఒకటి లేస్తుంది, ఇంకోటి పడే ఉంటుంది. మంచి లైబ్రరీ అయితే తీగ తెగిందని పట్టుకుని మళ్లీ మళ్లీ కనెక్ట్ అవుతుంది, మధ్యమధ్యలో పింగ్ పంపి బతికుందో లేదో చూస్తుంది. ఐతే తెగినప్పుడు డిక్షనరీలో ఉన్న చీటీలన్నీ ఏమయ్యాయి? వాటికి జవాబులు ఇక రావు, ప్రతి ఫ్యూచర్‌లోనూ "తీగ తెగింది" అన్న తప్పు పెట్టి లేపాలి, లేకపోతే అవన్నీ విస్తరేసుకుని కూర్చునే బాపతే. మళ్లీ కలిశాక మన లెక్కలో ఉన్న కాల్స్, ఆస్టరిస్క్‌లో నిజంగా ఉన్న కాల్స్ ఒకటి కావు, తీగ లేని ఆ కాసేపట్లో ఎవరు వచ్చారో ఎవరు పోయారో వార్తలు మనకి అందలేదు. అందుకే ఆస్టరిస్క్ పూర్తిగా లేచిందని చెప్పే ఫుల్లీబూటెడ్ వార్త చూసి, ఇప్పుడున్న కాల్స్ జాబితా ఇచ్చే కోర్‌షోఛానెల్స్ అడిగి, వచ్చిన జాబితాతో మన లిస్టు పోల్చి, అక్కడ లేని కాల్స్ టాస్కుల్ని క్యాన్సిల్ చేసి, మన దగ్గర లేని కాల్స్‌కి కొత్త కథ మొదలుపెట్టాలి. ఆ కొత్త కథ మాత్రం స్వాగతం నుంచి కాదు, భాష అప్పటికే ఎంచుకున్నవాళ్లు లైన్లో ఉండుంటారు, వాళ్లకి మళ్లీ "తెలుగుకి ఒకటి నొక్కండి" వినిపిస్తే పెట్టేస్తారు. కాబట్టి ఎంచుకున్న భాషని మన ప్రోగ్రామ్ మెమరీలో కాకుండా ఆ ఛానెల్ మీదే ఒక వేరియబుల్‌గా రాసి ఉంచితే, ప్రోగ్రామ్ పడి లేచినా కాల్ బతికున్నంతసేపూ అది అక్కడే ఉంటుంది, అడిగి తెచ్చుకుని నేరుగా డాక్టర్ల జాబితా దగ్గర నుంచి అందుకోవచ్చు.